కలిసి వెదికిన మందు

పిల్లలూ! మన బడిలో గోతోంగ్ రోయోంగ్ జరిగిన రోజు మీకు గుర్తుంది కదా! ఒకరు చీపురు పడతారు. ఒకరు గడ్డి కోస్తారు. ఇంకొకరు నీళ్ళు మోస్తారు. అందరూ చీపుర్లే పట్టుకొంటే గడ్డి అలాగే ఉండిపోతుంది. జబ్బులకు మందు కనుక్కోవడం కూడా ఇలాంటి పనే. అది ఎలాగో ఈ పాఠంలో తెలుసుకొందాం.

మన ఎముకల లోపల మూలుగ ఉంటుంది. రక్తకణాలు పుట్టేది అక్కడే. లుకేమియా అనే కేన్సర్ వచ్చినప్పుడు ఎదగని తెల్లకణాలు అక్కడ అదుపు లేకుండా పెరిగిపోతాయి. మంచి కణాలకు చోటు చాలదు. 1947కు ముందు ఈ జబ్బు తీవ్రంగా వచ్చిన పిల్లలు చాలామంది కొద్ది వారాలలోనో, నెలలలోనో కన్నుమూసేవారు. వైద్యులు చూస్తూ ఉండవలసి వచ్చేది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యం చదివారు. తరువాత అమెరికా వెళ్ళి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేశారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. 1945లో అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఇది పాలకూర వంటి ఆకుకూరలలో ఉండే విటమిన్. రక్తకణాలు వృద్ధి కావడానికి ఇది అవసరం. ఒక రకం రక్తహీనతకూ, స్ప్రూ అనే ప్రేగుల జబ్బుకూ ఇది మందుగా పనిచేసింది. ఆయన అన్నగారిని బలిగొన్నది ఆ స్ప్రూ జబ్బే.

అదే కాలంలో బోస్టన్ నగరంలోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఉండేవారు. జబ్బుపడిన శరీరభాగాలను సూక్ష్మదర్శినితో పరీక్షించడం ఆయన పని. ఆయన లుకేమియా వచ్చిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన పదార్థాలను ఇచ్చి చూశారు. జబ్బు తగ్గలేదు. పైగా ఇంకా వేగంగా ముదిరినట్లు కనిపించింది!

ఆయన ఆ సంగతిని దాచి ఉంటే కథ అక్కడితో ముగిసేది. ఆయన దాచలేదు. ఈ విటమిన్ జబ్బు కణాలకు బలమిస్తున్నదంటే, దానిని అడ్డుకొనే పదార్థం వాటిని ఆపుతుందేమో అని ఆలోచించారు. కాని అటువంటి పదార్థాన్ని తయారుచేయడం ఆయనకు తెలియదు. అది రసాయన శాస్త్రజ్ఞుల విద్య. సుబ్బారావు గారి బృందం అమినోప్టెరిన్ అనే మందును తయారుచేసి ఇచ్చింది. ఆసుపత్రిలో 16 మంది పిల్లలకు దానిని ఇచ్చారు. 10 మందికి జబ్బు నెమ్మదించింది. ఈ ఫలితం 1948 జూన్‌లో అచ్చయింది.

అయితే ఆ మేలు కొంతకాలమే నిలిచింది. జబ్బు తిరగబెట్టింది. 1948 ఆగస్టులో సుబ్బారావు గారు మరణించారు. పని మాత్రం ఆగలేదు. 1960 దశకంలో అమెరికా వైద్యులు నాలుగు మందులను కలిపి ఇచ్చి చూశారు. వాటిలో ఒకటి అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్. ఏ పద్ధతి మేలో లెక్కలు కట్టి చెప్పినవారు గణాంక శాస్త్రజ్ఞులు. రాత్రింబగళ్ళు పిల్లలను కనిపెట్టుకొని ఉన్నవారు నర్సులు. నేడు మంచి వైద్యం అందే దేశాలలో, పిల్లలకు ఎక్కువగా వచ్చే రకం లుకేమియా నుండి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు.

సూది పోట్లు ఓర్చుకొన్న ఆ 16 మంది పిల్లలను కూడా మరవకండి. వారు కూడా ఈ పనిలో భాగస్వాములే.

పిల్లలూ! మీరు నలుగురు కలిసి పని చేసేటప్పుడు మీకు తెలిసినదే కాదు, తప్పిపోయినది కూడా పక్కవారికి చెప్పండి. దానికి మందు వారి దగ్గర ఉండవచ్చు.

కొత్త మాటలు
మూలుగ: ఎముక లోపలి మెత్తని పదార్థం
సూక్ష్మదర్శిని: కంటికి కనబడనివాటిని పెద్దవిగా చూపే పరికరం
తిరగబెట్టు: తగ్గిన జబ్బు మళ్ళీ వచ్చు

ప్రశ్నలు
1. ఫార్బర్ మొదటి ప్రయత్నంలో ఏమి జరిగింది? దానివల్ల ఆయనకు ఏ ఆలోచన వచ్చింది?
2. ఫార్బర్‌కు రసాయన శాస్త్రజ్ఞుల సాయం ఎందుకు కావలసి వచ్చింది?
3. ఈ పనిలో పాలుపంచుకొన్నవారు ఎవరెవరు? ఒక్కొక్కరి పని ఒక్కొక్క వాక్యంలో రాయండి.