కోర్టు నోటీసు ఎవరి చేతికి అందింది?



యూఏఈలో మన మీద ఎవరైనా సివిల్ కేసు వేస్తే ముందు కోర్టు నోటీసు రావాలి. బ్యాంకు లోను బాకీ కావచ్చు, కంపెనీతో డబ్బుల గొడవ కావచ్చు. నోటీసు సరిగా అందిందని తేలితే మీరు పోకున్నా కేసు నడుస్తుంది, తీర్పు కూడా వస్తుంది. అందుకే అది ఎవరి చేతికి పోయిందన్నది చిన్న విషయం కాదు.

చట్టం ఏమంటుంది?

ఇక్కడ 2022 నాటి 42వ నంబరు సివిల్ ప్రొసీజర్ చట్టం నడుస్తోంది. నోటీసు మీ చేతికే ఇవ్వొచ్చు. మీరు లేకపోతే ఇంట్లో మీతో ఉండే భార్య లేదా భర్తకు, బంధువులకు, ఇంట్లో పనిచేసేవారికి ఇవ్వొచ్చు. పనిచోట అయితే పై అధికారికి లేదా అక్కడి ఉద్యోగికి ఇవ్వొచ్చు. అయితే ఎవరికి ఇచ్చినా మూడు సంగతులు చూడాలి:

1. తీసుకునే మనిషి ఎవరో నిర్ధారించుకోవాలి.
2. 18 ఏళ్లు నిండినట్టు చూస్తే తెలియాలి.
3. నోటీసు ఎవరికి వచ్చిందో వారికి, తీసుకునేవారికి మధ్య లాభనష్టాల తగాదా ఉండకూడదు.

ఈ మూడోది మనకు చాలా ముఖ్యం. కంపెనీయే మీ మీద కేసు వేసిందనుకోండి. ఆ నోటీసును కంపెనీ మేనేజరే మీ తరఫున తీసుకుంటే, అది సరిగా అందలేదని కోర్టులో చెప్పుకునే హక్కు మీకుంది.

ఫోన్‌కు కూడా వస్తుంది

ఎస్సెమ్మెస్, ఈమెయిల్, రికార్డు చేసిన ఫోన్ కాల్ ద్వారా కూడా నోటీసు ఇవ్వొచ్చు. కాబట్టి సిమ్ మీ పేరు మీదే ఉండాలి. నంబరు మారిస్తే ఎమిరేట్స్ ఐడీ రికార్డులోనూ, కార్మిక శాఖలోనూ మార్పించుకోండి. అయితే కోర్టు పేరు చెప్పి ఓటీపీ అడిగినా, లింకు పంపి డబ్బు కట్టమన్నా అది మోసం కావచ్చు. కేసు నంబరు, కోర్టు పేరు అడిగి రాసుకోండి. ఆ కోర్టు వెబ్‌సైట్‌లోనో, కౌంటర్‌లోనో నిజమో కాదో చూసుకోండి.

ఇళ్లలో పనిచేసే అక్కలకు

కఫీల్ పేరు మీద నోటీసు తెచ్చి మిమ్మల్ని తీసుకోమనవచ్చు. మీ సొంత పేరే చెప్పండి, మీ ఐడీయే చూపండి. మేడం పేరుతో సంతకం పెట్టొద్దు. తీసుకుంటే అదే రోజు ఇంటివాళ్లకు ఇచ్చేయండి. ఇచ్చిన తేదీ రాసిపెట్టుకోండి.

మీకే నోటీసు వస్తే

తీసుకోనంటే తప్పించుకోవచ్చనుకోవద్దు. మీరు కాదన్నా అందినట్టే లెక్క. అరబీ చదవడం రాకపోయినా తీసుకోండి. కేసు నంబరు, వాయిదా తేదీ కనబడేలా ఫోటో తీయండి. చదవగలిగినవారితో వెంటనే చదివించుకోండి.

మీ నోటీసు వేరేవాళ్లు తీసుకున్నారని తర్వాత తెలిస్తే, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తీసుకున్నారో కోర్టు ఫైల్లో ఉంటుంది. దాని కాపీ అడగండి. ఆ రోజు మీరు ఊరికి పోయి ఉంటే పాస్‌పోర్టు మీది ముద్రలు, విమానం టికెట్టు దాచిపెట్టుకోండి. అవే మీ సాక్ష్యం. అప్పీలు గడువు తక్కువ, అందుకే ఆలస్యం చేయొద్దు.

జీతం, పని సమస్యలకు కార్మిక శాఖ నంబరు 80084. భారత రాయబార కార్యాలయం వారి ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం నంబరు 80046342. ఈ రెండు నంబర్లూ ఈ రోజే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. రూమ్‌లో చదవడం రాని తమ్ముళ్లకు ఈ పాఠం చదివి వినిపించండి.