బఫర్ ఎవరి చేతిలో ఉంది? స్టోరేజ్ డ్రైవర్ కొలువులకు అసలు సన్నద్ధత

ప్రాసెసర్ రాసిన ప్రతి బైటూ వెంటనే ర్యామ్‌కు చేరదు. ముందు క్యాష్ మెమరీలో ఆగుతుంది. అక్కడ చోటు చాలనప్పుడో, డ్రైవర్ ప్రత్యేకంగా పంపమన్నప్పుడో ర్యామ్‌లోకి వెళ్తుంది. ఎస్‌డీ కార్డు, ఈఎంఎంసీ, ఎస్‌ఎస్‌డీ లాంటి నిల్వ పరికరాల కంట్రోలర్లు మాత్రం ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డీఎంఏ పద్ధతిలో నేరుగా ర్యామ్‌లోనే రాస్తాయి, చదువుతాయి. ఒకే అడ్రస్‌కు క్యాష్‌లో ఒక విలువ, ర్యామ్‌లో మరో విలువ ఉన్న సమయంలో బదిలీ జరిగితే ఫైలు పాడవుతుంది. ఈ రెండింటినీ సరైన వేళకు ఒకటి చేయడమే క్యాష్ మెయింటెనెన్స్. డివైస్ డ్రైవర్లు, బోర్డ్ సపోర్ట్ ప్యాకేజీలు (బీఎస్‌పీ), ఫర్మ్‌వేర్ రాసే ఇంజినీర్లకు ఇది నిత్యం తగిలే పని. ఈసీఈ, సీఎస్‌ఈ, ఈఈఈ చదివి ఎంబెడెడ్ రంగం వైపు చూస్తున్నవారిని వడపోయడానికి ఇంటర్వ్యూల్లో బాగా పనికొచ్చే అంశం కూడా.

దీని మీద చాలామందికి పట్టు లేకపోవడానికి ఒక కారణముంది. కాలేజీ ల్యాబ్‌లో ఈ సమస్య ఎదురే కాదు. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లున్న కంప్యూటర్లలో పరికరం ర్యామ్‌ను తాకినప్పుడల్లా హార్డ్‌వేరే క్యాష్‌ను సరిచూసుకుంటుంది. దీన్ని స్నూపింగ్ అంటారు, అలాంటి వ్యవస్థను కొహెరెంట్ అంటారు. ఆ ల్యాప్‌టాప్ మీద రాసిన డ్రైవర్‌లో క్యాష్ సంగతి పూర్తిగా మరిచిపోయినా అది నడుస్తుంది. ఫోన్లు, రౌటర్లు, సెట్‌టాప్ బాక్సుల్లో ఉండే ఆర్మ్ చిప్‌లలో పరిస్థితి వేరు. ఒకే చిప్‌లో కొన్ని పరికరాలు కొహెరెంట్‌గా ఉంటాయి, కొన్ని ఉండవు. ఏది ఎలాంటిదో హార్డ్‌వేర్‌ను వివరించే డివైస్ ట్రీలో ‘డీఎంఏ-కొహెరెంట్’ అనే గుర్తుతో లినక్స్ కెర్నల్‌కు చెప్పాలి. కొహెరెంట్ కాని పరికరానికి పొరపాటున ఆ గుర్తు తగిలిస్తే కెర్నల్ క్యాష్ పనులన్నీ మానేస్తుంది. డ్రైవర్ కోడ్‌లో ఒక్క తప్పూ లేకుండానే డేటా చెడిపోతుంది. రిస్క్-ఫైవ్ చిప్‌లలోనూ ఇదే చిక్కు ఉండటంతో క్యాష్‌ను సరిచేసే ఇన్‌స్ట్రక్షన్లను ‘జిక్‌బోమ్’ పేరుతో ప్రత్యేకంగా చేర్చారు. ఐఐటీ మద్రాసులో రూపొందిన శక్తి ప్రాసెసర్లు రిస్క్-ఫైవ్ కుటుంబానివే కాబట్టి మన దేశంలో చిప్ డిజైన్ వైపు వెళ్లేవారు ఈ పేరును గుర్తుంచుకోవడం మంచిది.

క్లీన్, ఇన్‌వాలిడేట్

మూల క్రియలు రెండే. కొత్తగా రాసిన విలువను క్యాష్ నుంచి ర్యామ్‌కు పంపడం క్లీన్. క్యాష్‌లోని నకలు చెల్లదని కొట్టివేసి, తర్వాత చదివేటప్పుడు ర్యామ్ నుంచి కొత్తగా తెచ్చుకునేలా చేయడం ఇన్‌వాలిడేట్. కిరాణా కొట్టు లెక్కలతో పోలిస్తే చిట్టాలోని పద్దును ఆవర్జాకు ఎక్కించడం మొదటిది, చిట్టా పేజీని అడ్డంగా కొట్టేయడం రెండోది. ఆవర్జాకు ఎక్కించకుండా పేజీ కొట్టేస్తే పద్దు పోయినట్టే. ఫ్లష్ అనే మాటను ఒక్కో వ్యవస్థలో ఒక్కో అర్థంలో వాడతారు. ఇంటర్వ్యూలో ఆ మాట వాడే అభ్యర్థి క్లీన్ ఉద్దేశమా, రెండూ కలిపిన ఉద్దేశమా చెప్పగలగాలి.

డిస్క్‌కు రాసేటప్పుడు సంగతి సులువు. బదిలీ మొదలుపెట్టే ముందు బఫర్‌ను క్లీన్ చేస్తే చాలు. డిస్క్ నుంచి చదివేటప్పుడే అభ్యర్థులు తడబడతారు. బదిలీ అయ్యాక ఒకసారి ఇన్‌వాలిడేట్ చేస్తే సరిపోతుందనేది ఎక్కువమంది చెప్పే జవాబు. అది సగమే సరైనది. బదిలీకి ముందు ఆ బఫర్ తాలూకు పాత రాతలు క్యాష్‌లో మిగిలి ఉంటే, పరికరం కొత్త డేటా పెట్టాక అవి ఎప్పుడైనా ర్యామ్‌లోకి దిగి దాన్ని చెరిపేస్తాయి. అందుకే ముందు ఒకసారి క్లీన్ లేదా ఇన్‌వాలిడేట్ చేయాలి. ఇక బదిలీ జరుగుతుండగా ప్రాసెసర్ ముందుచూపుతో ఆ అడ్రస్‌లను తనంతట తానే క్యాష్‌లోకి లాగవచ్చు. కోడ్‌లో ఎక్కడా ఆ బఫర్‌ను తాకకపోయినా స్పెక్యులేటివ్ ప్రీఫెచ్ వల్ల ఇది జరుగుతుంది. అందుకే తర్వాత మరోసారి ఇన్‌వాలిడేట్. ఈ రెండు కారణాలనూ విడివిడిగా వివరించగలిగినవారిని తర్వాతి రౌండ్‌కు పిలవడానికి ఇంటర్వ్యూ చేసేవారు పెద్దగా ఆలోచించరు.

బ్యారియర్లతో దీన్ని కలగలపడం మరో సాధారణ పొరపాటు. మెమరీ బ్యారియర్ రాతల క్రమాన్ని కాపాడుతుంది. క్యాష్‌లో ఉన్న డేటాను అది ర్యామ్‌కు పంపదు. బఫర్ క్లీన్ చేశాక, కంట్రోలర్‌కు ‘మొదలుపెట్టు’ అనే ఆదేశం ఇచ్చే ముందు బ్యారియర్ కూడా కావాలి. ఒకటి ఉంటే మరొకటి అక్కర్లేదనుకోకూడదు.

ఒకే లైనులో ఇద్దరు

క్యాష్ పని బైట్లలో జరగదు, లైన్లలో జరుగుతుంది. ఆర్మ్ కార్టెక్స్-ఏ53లో లైను 64 బైట్లు, కార్టెక్స్-ఎం7లో 32 బైట్లు. అసలు ప్రమాదం ఇక్కడే దాగి ఉంటుంది. ఒక స్ట్రక్చర్‌లో ముందు 16 బైట్ల లెక్కలు, వాటి వెంటనే 512 బైట్ల సెక్టార్ బఫర్ ఉన్నాయనుకుందాం. స్ట్రక్చర్ 64 బైట్ల హద్దు మీదే మొదలైనా, తొలి లైనులో 16 బైట్లు లెక్కలవి, 48 బైట్లు బఫర్‌వి. పరికరం ఆ బఫర్‌లోకి డేటా నింపుతుండగా ఇంటరప్ట్ హ్యాండ్లర్ ఆ లెక్కల్లో ఒకదాన్ని పెంచింది. దాంతో లైను మొత్తం, బఫర్ తాలూకు పాత 48 బైట్లతో సహా, క్యాష్‌లోకి వచ్చి మార్పు పడినదిగా నిలిచింది. ఇప్పుడు ఆ లైనును క్లీన్ చేస్తే డిస్క్ నుంచి వచ్చిన కొత్త 48 బైట్లు పోతాయి. ఇన్‌వాలిడేట్ చేస్తే పెంచిన లెక్క పోతుంది. ఏం చేసినా ఎవరో ఒకరికి నష్టమే. మిగతా సెక్టార్ బాగుండి మొదటి 48 బైట్లు మాత్రమే పాతవి కనిపిస్తే అనుభవమున్న ఇంజినీర్ మొదట చూసేది ఆ స్ట్రక్చర్ అమరికనే.

దీనికి పరిష్కారం తెలివైన కోడ్‌లో దొరకదు, అమరికలోనే దొరుకుతుంది. బఫర్ క్యాష్ లైను హద్దు మీద మొదలై హద్దు మీదే ముగియాలి, ఆ లైన్లలో ఇంకెవరికీ చోటు ఉండకూడదు. స్టాక్ మీద ఉన్న లోకల్ అర్రేను డీఎంఏకు ఇవ్వకూడదన్న నియమానికి ఒక కారణం ఇదే. 64 బిట్ ఆర్మ్ లినక్స్‌లో డీఎంఏ అమరిక హద్దును 128 బైట్లుగా పెట్టడం వెనుక, అంత పెద్ద లైన్లున్న చిప్‌లలో కూడా ఇద్దరు ఒకే లైనును పంచుకోకూడదన్న జాగ్రత్త ఉంది.

యాజమాన్యమే అసలు పాఠం

లినక్స్‌లో ఈ క్యాష్ క్రియలను డ్రైవర్ నేరుగా పిలవదు. డీఎంఏ ఏపీఐ ఆ పని చేసిపెడుతుంది. ‘డీఎంఏ మ్యాప్ సింగిల్’ పిలిచిన క్షణం నుంచి బఫర్ పరికరానిది. ‘డీఎంఏ అన్‌మ్యాప్ సింగిల్’ పిలిచాకే అది తిరిగి ప్రాసెసర్ చేతికి వస్తుంది. మధ్యలో తొంగిచూడాల్సి వస్తే ‘సింక్ ఫర్ సీపీయూ’తో తీసుకుని, ‘సింక్ ఫర్ డివైస్’తో తిరిగి అప్పగించాలి. ప్రతి మ్యాపింగ్‌కూ దిశ చెప్పాలి. డిస్క్‌కు రాస్తుంటే ‘టు డివైస్’, డిస్క్ నుంచి చదువుతుంటే ‘ఫ్రమ్ డివైస్’. ఎందుకైనా మంచిదని అన్నిచోట్లా ‘బైడైరెక్షనల్’ రాయడం పని చేస్తుంది కానీ అవసరం లేని క్యాష్ పనితో వేగం పడిపోతుంది. పైగా రాసినవారికి తమ బదిలీ ఎటు పోతుందో తెలియదని చెప్పకనే చెబుతుంది. ఫంక్షన్ల పేర్లు అవసరమైనప్పుడు చూసుకోవచ్చు. కోడ్‌లోని ఏ లైను దగ్గర ఆపి అడిగినా, ఈ క్షణంలో ఈ బఫర్ ఎవరి చేతిలో ఉందో చెప్పగలగడమే ఈ రంగంలో అసలు నైపుణ్యం.

ప్రతిసారీ అప్పగింతలు కుదరని చోట్లు కూడా ఉన్నాయి. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలో పని పూర్తయిందని చెప్పే కంప్లీషన్ ఎంట్రీ 16 బైట్లు. అంటే 64 బైట్ల లైనులో నాలుగు ఎంట్రీలు పడతాయి. ఒకదాన్ని ప్రాసెసర్ చదువుతుండగానే పక్కదాన్ని పరికరం రాస్తూ ఉండవచ్చు. అందుకే ఇలాంటి క్యూలను ‘డీఎంఏ అలాక్ కొహెరెంట్’తో కేటాయిస్తారు. కొహెరెంట్ కాని చిప్‌లలో ఆ మెమరీకి సాధారణంగా క్యాషింగే ఉండదు. అయితే భారీ డేటా బఫర్లకూ ఇదే దారి పట్టిస్తే ప్రాసెసర్ వేగం దెబ్బతింటుంది.

డీఎంఏ లేని పాత పద్ధతిలో ప్రాసెసరే కంట్రోలర్ నుంచి డేటాను కాపీ చేస్తుంది. అక్కడ క్యాష్ గొడవ ఉండదనుకోవడం సహజం. కానీ చదివింది ఒక ప్రోగ్రామ్ ఫైలైతే, కాపీ అయిన కోడ్ డేటా క్యాష్‌లో ఉండిపోయి ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌కు కనబడకపోవచ్చు. ప్రోగ్రామ్ పాత చెత్తను నడిపి కూలిపోతుంది. పేజీని ‘ఫ్లష్ డీక్యాష్ పేజ్’తో సరిచేయాల్సిన అవసరం ఇలాంటి చోట పడుతుంది.

క్యాష్ పనికి సమయమూ ఖర్చవుతుంది. లినక్స్ ఎంఎంసీ విభాగంలో ‘ప్రీ రిక్వెస్ట్’, ‘పోస్ట్ రిక్వెస్ట్’ అనే రెండు హుక్‌లు పుట్టింది ఇందుకే. ఒక బదిలీ నడుస్తుండగానే తర్వాతి బఫర్ క్యాష్ పనిని ముగించేస్తే కార్డు ఖాళీగా ఎదురుచూడదు. డ్రైవర్ చదవడం నేర్చుకునేవారికి కెర్నల్‌లోని ‘డ్రైవర్స్/ఎంఎంసీ/హోస్ట్’ ఫోల్డర్ మంచి పాఠశాల.

విండోస్ వైపు వెళ్లేవారికి ‘కేఈ ఫ్లష్ ఐఓ బఫర్స్’ అనే రొటీన్ పరిచయం కావాలి. బూట్‌లోడర్ మీద పనిచేసేవారికి యూ-బూట్‌లో ‘క్యాష్: మిస్‌అలైన్డ్ ఆపరేషన్ ఎట్ రేంజ్’ అనే హెచ్చరిక తప్పక ఎదురవుతుంది. దాన్ని కనబడకుండా చేసి ఊరుకోకుండా, బఫర్ ఎందుకు హద్దు తప్పిందో వెతకాలి.

చదువు, సాధన

ఈ రంగానికి ప్రత్యేకమైన డిగ్రీ లేదు. గేట్ సీఎస్ సిలబస్‌లోని కంప్యూటర్ ఆర్గనైజేషన్ భాగంలో క్యాష్, డీఎంఏ రెండూ ఉన్నాయి. అక్కడ అవి వేర్వేరు అధ్యాయాలుగా వస్తాయి, వాటి మధ్య ఘర్షణ మాత్రం పరీక్షలో పెద్దగా కనిపించదు. సీ-క్యాట్ ప్రవేశపరీక్ష ద్వారా సీ-డాక్ అందించే ఎంబెడెడ్ సిస్టమ్స్ డిజైన్ పీజీ కోర్సు బీటెక్ తర్వాత ఒక దారి. పుస్తకాల్లో కోర్బెట్, రూబిని, క్రోవా-హార్ట్‌మన్ రాసిన ‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’ మూడో కూర్పు 2005 నాటిది. ఫంక్షన్లు చాలా మారాయి కానీ డీఎంఏ అధ్యాయంలోని ఆలోచన ఇప్పటికీ పనికొస్తుంది. మారిన వివరాలకు కెర్నల్‌తో పాటే వచ్చే డీఎంఏ ఏపీఐ హౌటూ పత్రం చదవాలి.

సాధనకు క్యూఈఎంయూ ఎమ్యులేటర్ సరిపోదు. అది క్యాష్‌ను అనుకరించదు కాబట్టి తప్పు కోడ్ కూడా అందులో చక్కగా నడుస్తుంది. అసలు బోర్డు కావాలి. ఎస్‌డీ కార్డు స్లాట్ ఉన్న ఎస్‌టీఎం32ఎఫ్746 డిస్కవరీ బోర్డు ఇందుకు సరిపోతుంది. అందులోని కార్టెక్స్-ఎం7కు 4 కేబీ డేటా క్యాష్ ఉంది. డేటా క్యాష్ ఆన్ చేసి, డీఎంఏతో ఒక సెక్టార్ చదివి, ‘ఇన్‌వాలిడేట్ డీక్యాష్ బై అడ్రస్’ పిలుపును తీసేసి చూడాలి. బఫర్‌ను ముందే ఒక తెలిసిన విలువతో నింపి, క్లీన్ చేసి ఉంచితే పాత బైట్లు ఎక్కడ మిగిలాయో ఇట్టే తెలుస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. బఫర్ ప్రాసెసర్‌కు నేరుగా అతికి ఉండే డీటీసీఎం మెమరీలో పడితే దానికి క్యాష్ వర్తించదు, తప్పు కనబడదు. బఫర్‌ను క్యాష్ వర్తించే ఎస్‌రామ్1లో పెట్టాలి. క్యాష్ చిన్నది కావడంతో మధ్యలో వేరే కోడ్ నడిస్తే పాత లైన్లు వాటంతటవే బయటికి పోతాయి. ఒక ప్రింట్ లైను చేర్చగానే తప్పు మాయమై, తీసేయగానే మళ్లీ రావడం ఈ జాతి బగ్‌ల లక్షణం. లినక్స్ నడిపే బోర్డు ఉన్నవారు కెర్నల్ కాన్ఫిగరేషన్‌లో డీఎంఏ ఏపీఐ డీబగ్ ఎంపికను ఆన్ చేస్తే మ్యాప్, అన్‌మ్యాప్ జతలు కుదరని చోట్లు, దిశ తప్పిన చోట్లు లాగ్‌లో బయటపడతాయి.

ఉద్యోగ ప్రకటనల్లో క్యాష్ మెయింటెనెన్స్ అనే హోదా కనిపించదు. డివైస్ డ్రైవర్ ఇంజినీర్, బీఎస్‌పీ ఇంజినీర్, స్టోరేజ్ ఫర్మ్‌వేర్ ఇంజినీర్, లినక్స్ కెర్నల్ డెవలపర్ అన్న పేర్లతో వెతకాలి. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్, బెంగళూరులో శాంసంగ్ సెమీకండక్టర్, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్, శాన్‌డిస్క్ లాంటి సంస్థల్లో ఈ తరహా పనులుంటాయి. సీ భాషలో పాయింటర్లు, స్ట్రక్చర్ ప్యాడింగ్, బిట్ ఆపరేషన్లు గట్టిగా రాకుండా ఈ తలుపు తట్టడం వృథా.

దరఖాస్తు చేసేవారు రెజ్యుమేలో ‘ఎస్‌డీ కార్డ్ డ్రైవర్ ప్రాజెక్ట్’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకూడదు. ఏ పిలుపు తీసేస్తే ఎన్ని బైట్లు ఎక్కడ చెడాయి, తిరిగి పెట్టాక ఏమైంది అన్నది హెక్స్ డంప్‌తో సహా ఒక పేజీలో రాసి జత చేయాలి.