దూరమును చూపు శిలలు

ఆంగ్ల రచయితయగు టోల్కీన్ 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా ప్రకటించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అను అద్భుతగాథలో ఏడు మాయాశిలలు కలవు. వానికి ‘పలాంతీర్’ అని పేరు. దూరమును చూచునది అని దాని యర్థము. నల్లని స్ఫటికపు గోళములవంటి ఆ శిలలలో దూరదేశములు కానవచ్చును. ఒక శిలయొద్దనున్నవారు వేరొక శిలయొద్దనున్నవారితో మనస్సుచేతనే సంభాషింపవచ్చును.

సముద్రమున కావలనున్న పుణ్యభూమిలో ఎల్ఫులను అమరజాతివారు వీనిని నిర్మించి, తమ మిత్రుడైన అమాండిలునకు కానుకగా నిచ్చిరి. నూమెనార్ ద్వీపము మునిగినపుడు అతని కుమారుడు ఎలెండిల్ వీనిని ఓడలలో తెచ్చి, మూడింటిని ఉత్తరరాజ్యమునను, నాల్గింటిని దక్షిణరాజ్యమునను ఉంచెను.

కాలక్రమమున మూడు శిలలు నీటిపాలయ్యెను. ఒకటి దుష్టుడైన సౌరాన్ చేతజిక్కెను. నాటినుండి తక్కిన శిలలలోనికి చూచుట అపాయకరమయ్యెను. మాంత్రికుడైన సారుమాన్ అధికారలోభముచే ఒక శిలలోనికి చూచి సౌరానునకు లోబడెను. గోండార్ దేశమును పాలించు డెనెథార్ మాత్రము లోబడలేదు. అతని శిల అబద్ధమును చూపనులేదు. కాని సౌరాన్ తన సేనాబలమే అతని కంటబడునట్లు చేసెను. సగము సత్యమును సంపూర్ణసత్యమని నమ్మి, డెనెథార్ నిరాశకు లోనై నశించెను.

సారుమాన్ కోల్పోయిన శిల తుదకు ఎలెండిల్ వంశజుడైన అరగార్నునకు లభించెను. న్యాయమైన హక్కునకు దృఢసంకల్పము తోడగుటచే, అతడు దానిని సౌరాన్ వశమునుండి తప్పించి తనకు లోబరచుకొనెను. దక్షిణమునుండి గోండారునకు రానున్న యాపదను అందులో గాంచి, నిరాశపడక, దానిని నివారించెను.

కన్ను చూచినది నిజమే కావచ్చును. చూడని భాగమునుగూర్చి కూడ ఆలోచించువాడే వివేకి.