తండ్రి వెంట తనయుడు

పండితపుత్రుడని మనవారు ఒకనిని గూర్చి పలికినచో అది పొగడ్త గాదు, పరిహాసము. పేరుగాంచిన తండ్రికి కుమారుడై పుట్టినవానికి ఈ పరిహాసభయము ఏ దేశమునందైనను తప్పదు. తండ్రి చేసిన పనినే తానును చేయబూనినచో అది రెట్టింపగును. అమెరికాలో కెన్ గ్రిఫీ అను బేసుబాలు ఆటగాడు ఇట్టివాడు. తండ్రి పేరును కెన్ గ్రిఫీయే! కావున వారిని పెద్ద గ్రిఫీ, చిన్న గ్రిఫీ అందము.

పెద్ద గ్రిఫీ పెన్సిల్వేనియా రాష్ట్రములోని డొనోరా అను చిన్న పట్టణమున 1950లో జన్మించెను. సిన్సినాటి రెడ్స్ జట్టు 1975, 1976 సంవత్సరములలో వరుసగా వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు అతడందు ముఖ్యుడు. అదే పట్టణమున 1969లో పుట్టిన కుమారుడు తండ్రి ఆడు మైదానముల చెంతనే పెరిగెను. 1987లో క్రొత్త ఆటగాండ్రను ఎంచుకొనువేళ సియాటిల్ మారినర్స్ జట్టువారు అందరికంటె ముందుగా ఇతనినే కోరుకొనిరి. 1989లో 19 ఏండ్ల ప్రాయమున ఇతడు పెద్ద పోటీలలో ప్రవేశించెను. తండ్రి పేరు తలుపు తెరిపింపవచ్చును గాని, దూసికొనివచ్చు బంతి బ్యాటు పట్టినవాని తండ్రి యెవరని అడుగదు.

1990 ఆగస్టులో 40 ఏండ్ల పెద్ద గ్రిఫీని సిన్సినాటివారు విడిచిపెట్టగా, సియాటిల్ వారు చేర్చుకొనిరి. 31వ తేదీన తండ్రీకొడుకులు ఒకే జట్టున ఆడిరి. ఆ పోటీలలో అంతకుముందెన్నడును అట్లు జరుగలేదు.

సెప్టెంబరు 14న అనహైము నగరమున ఆట. బంతిని కంచె దాటించి నాలుగు స్థానములను చుట్టివచ్చుటను హోమ్ రన్ అందురు. మన క్రికెట్టులోని సిక్సరు వంటిది. మొదటి ఇన్నింగ్సులోనే తండ్రి అట్టి దెబ్బ కొట్టెను. తరువాత బ్యాటు పట్టవలసినవాడు కుమారుడు! బంతి విసరువాడు వరుసగా మూడు బంతులు గురి తప్పెను. నాల్గవదియు తప్పినచో కొట్టకయే మొదటి స్థానమునకు నడచిపోవచ్చును. అట్టివేళ బ్యాటు కదపక నిలుచుటయే వాడుక. చిన్న గ్రిఫీ ఆ సుళువు దారి కోరలేదు. నాల్గవ బంతిని తండ్రి కొట్టిన వైపునకే కంచె దాటించెను. తండ్రి వెనువెంటనే కొడుకు ఇట్లు కొట్టుట ఆ పోటీల చరిత్రలో అదియే మొదలు. నాటి ఆటలో సియాటిల్ ఓడినది. ఆ సంగతి తలచువారు అరుదు.

తండ్రి 1991లో ఆట విరమించెను. అతని హోమ్ రన్నులు 152. కుమారుడు 2010లో విరమించునాటికి 630. 2016లో 440 ఓట్లకు 437 పొంది కుమారుడు బేసుబాలు కీర్తిమందిరమునకు ఎన్నికయ్యెను. తండ్రికి ఆ గౌరవము దక్కలేదు. కాని 2000లో సియాటిల్ వీడి సిన్సినాటి జట్టున చేరినప్పుడు, అంతటి కుమారుడును, ఒకప్పుడు అక్కడ తండ్రి ధరించిన 30వ అంకెనే తన చొక్కాపై వేయించుకొనెను.