మధుకము – మధూకము : ఒక హ్రస్వదీర్ఘవిచారము

ఆయుర్వేదగ్రంథములను పరిష్కరించువారికి తఱచుగా ఎదురగు చిక్కులలో మధుక మధూకశబ్దముల తారుమాఱు ఒకటి. మధుకమనగా యష్టిమధుకము, తెలుగున అతిమధురము. మధూకమనగా ఇప్పచెట్టు. మొదటిదాని వేరు ఔషధము. రెండవదాని పువ్వును, గింజల నూనెయు ప్రసిద్ధములు. అమరసింహుడు మధుకమునకు క్లీతక, మధుయష్టికాదులను, మధూకమునకు గుడపుష్ప, మధుద్రుమాదులను పర్యాయములుగా వేర్వేఱ చెప్పెను. అయినను తాటియాకుపై లేఖకుని గంటము కొమ్మును కొంచెము సాగదీసినచో వేరు పోయి చెట్టు వచ్చును.

శ్లోకములందు ఛందస్సు తొలి ప్రమాణము. అనుష్టుప్పు పాదమున సామాన్యముగా అయిదవ అక్షరము లఘువు, ఆఱవది గురువు. పదము నాలుగవ అక్షరమున మొదలైనచో ‘ధు’ అయిదవ స్థానమున పడును గావున మధుకమే నిలుచును. అయిదవ అక్షరమున మొదలైనచో ఆఱవ స్థానమున గురువు కావలెను గావున మధూకమే సాధువు. పాదారంభమున మాత్రము మధుకం, మధూకం రెండును ఒదుగును; అచట ఈ పరీక్ష చాలదు.

గద్యమున ఈపాటి ఆధారమును లేదు. చరకసంహిత సూత్రస్థానము నాలుగవ అధ్యాయమున మహాకషాయములు గద్యరూపమున నున్నవి. జీవనీయదశకము చివర జీవంతి పిమ్మట మధుకము కలదు. కంఠ్యదశకమున పిప్పలి, ద్రాక్ష మొదలగువానితో అదియే మరల వచ్చును. ఇట్టి తావుల సహపఠితద్రవ్యములను, గణప్రయోజనమును చూచి పాఠమును నిర్ణయింపవలెను. అతిమధురపు ముక్కను బుగ్గన నుంచుకొని గాయకులు గొంతు కాపాడుకొనుట నేటికిని కలదు గదా. మేధ్యరసాయనప్రకరణమున చిక్కే లేదు. యష్టిమధుకచూర్ణమును పాలతో సేవింపవలెనని పూర్తి పేరుతోనే చెప్పబడినది.

ఇది వట్టి అక్షరచర్చ కాదు. అతిమధురము తెలుగునేలపై సహజముగా పెరుగు మొక్క కాదు. ఇరాను, ఆఫ్ఘనిస్తాను మొదలగు దేశములనుండి ఎండిన వేళ్లుగా అంగడికి వచ్చును. పచ్చని మొక్కను చూడని వైద్యునకు గ్రంథపాఠమే దిక్కు. దానికి బదులుగా గురివిందవేరును వాడుటయు కలదు. ఆ తీగ గింజ విషము. అతిమధురమునందలి గ్లిసిరైజిన్ అను ద్రవ్యము చక్కెరకంటె ఇంచుమించు 50 రెట్లు తీపి. వేరును మితిమీరి చిరకాలము సేవించినచో రక్తపుపోటు పెరుగును, శరీరమున పొటాషియము తగ్గును. కావున తప్పుపాఠముననుసరించి ఒక ద్రవ్యమునకు మాఱుగా వేఱొకదానిని ఇచ్చుట రోగికి సామాన్యవిషయము కాదు.

ఇంతకంటె గడ్డుప్రశ్న క్లీతకశబ్దమునది. సూత్రస్థానము మొదటి అధ్యాయమున ఆనూపము, స్థలజము అని ద్వివిధమైన క్లీతకము ఫలినులలో, అనగా ఫలము ప్రధానమైన ఓషధులలో, పరిగణింపబడినది. వేరునకే ప్రసిద్ధికెక్కిన అతిమధురము ఫలినులలో చేరుట ఎట్లు? క్లీతకమని కనబడిన ప్రతిచోటను అతిమధురమని అర్థము వ్రాయుట సాహసమే.