గులాబీ వాసన ఎటు పోయింది?



మన బడి వెనక బోరింగు దగ్గర నాటు గులాబీ మొక్క ఉంది కదా. నిరుడు అక్కడ రెండు ఉండేవి. రెండోదాన్ని పీకేసింది నేనే. ఎందుకు పీకానో, అది ఎందుకు తప్పో ఈ పాఠంలో రాస్తున్నాను.

అది మార్చి నెలాఖరు. మధ్యాహ్నం అన్నం తిన్నాక తోటపని చేస్తున్నాం. నేను గులాబీ పువ్వు వాసన చూశాను. ఏమీ రాలేదు. "వాసన లేని గులాబీ ఎందుకు? ఇక్కడ వంగమొక్క పెడితే కూరకన్నా వస్తది" అని లాగేశాను. ఎవరూ వద్దనలేదు.

సెలవులకు ఇంటికి పోయి మా అమ్మకు చెప్పాను. అమ్మ చదువుకోలేదు. మల్లెతోటల్లో పూలు కోసే కూలికి పోతుంది. అమ్మ నవ్వి, "మిట్టమధ్యాహ్నం పువ్వును వాసన అడిగితే యాడనుంచి తెస్తదే? పొద్దు పొడవకముందు అడగాల" అన్నది. నాకు నమ్మకం కలగలేదు. పరీక్ష చేసి చూద్దాం అనుకున్నాను.

మేము చేసిన పరీక్ష

డిసెంబరులో అయిదుగురం కలిసి చేశాం. ఒకటి మన నాటు గులాబీ. లేత రంగు, పలుచని రేకులు. రెండోది ఆఫీసు రూము ముందున్న ఎర్ర గులాబీ. అది కడియం నర్సరీ నుంచి వచ్చిన అంటుమొక్క. కళ్ళకు గుడ్డ కట్టుకుని రోజుకు మూడుసార్లు వాసన చూశాం.

నాటు గులాబీ: పొద్దున 6 గంటలకు బాగా వాసన. 10 గంటలకు కూడా ఉంది. మధ్యాహ్నం 2 గంటలకు కొంచెమే.

ఎర్ర గులాబీ: పొద్దున కొంచెం. తరువాత ఏమీ లేదు.

మళ్ళీ మార్చిలో చేశాం. నాటు గులాబీ 6 గంటలకు వాసన వచ్చింది. 10 గంటలకే తగ్గిపోయింది. 2 గంటలకు అయిదుగురిలో ఒక్కరికి కూడా రాలేదు. అంటే నేను పీకిన మొక్కకు వాసన లేక కాదు. నేను అడిగిన వేళ మంచిది కాదు.

కారణం ఏమిటి?

సైన్సు టీచరు గారిని అడిగితే ఇలా చెప్పారు. గులాబీ రేకుల్లో సన్నని నూనెలు తయారవుతాయి. వాటిలో జెరానియోల్, సిట్రొనెల్లోల్ ముఖ్యమైనవి. ఇవి గాలిలోకి ఎగిరిపోయే గుణం కలవి. సూది వేసేముందు నర్సమ్మ చేతికి రాసే స్పిరిట్ చల్లగా ఎగిరిపోతుంది చూడండి, అలాగే. ఎండ ముదిరితే నూనె తొందరగా ఎగిరిపోతుంది. పువ్వు కూడా తొందరగా విచ్చి వాడిపోతుంది.

మరి చలి ఎక్కువైతే మంచిదా? అదీ కాదు. పేరుకున్న నెయ్యి వాసన తక్కువ. కాచిన నెయ్యి వాసన వీధి చివరిదాకా వస్తుంది. గులాబీకి కూడా కొంచెం వెచ్చదనం కావాలి. చల్లని రాత్రి, కొంచెం తడిగాలి, లేత ఎండ ఉంటే వాసన బాగుంటుంది. మన నాదెండ్లలో అలాంటి రోజులు కార్తీకం నుంచి మాఘం దాకా. వేసవిలో మన పల్నాడులో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతా తెలుసు.

మా లెక్కల టీచరు గారిది పాడేరు. అది సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న కొండ ఊరు. వాళ్ళింటి గులాబీ మధ్యాహ్నం కూడా వాసన వస్తుందని చెప్పారు.

వేరే దేశాలలో (పటంలో చూడండి)

బల్గేరియాలో కజన్లక్ అనే చోట గులాబీల లోయ ఉంది. అక్కడ మే, జూన్ నెలల్లో తెల్లవారుజామునే పూలు కోస్తారు. ఒక కిలో నూనెకు సుమారు 3 నుంచి 4 టన్నుల పూలు కావాలి! సౌదీ అరేబియా ఎడారి దేశం. అయినా అక్కడ తాయిఫ్‌లో మంచి గులాబీలు పూస్తాయి. ఆ ఊరు కొండమీద ఉంది కాబట్టి రాత్రిళ్ళు చల్లగా ఉంటుంది. మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో రాగి పాత్రల్లో పూలు ఉడకబెట్టి అత్తరు తీస్తారు.

ఈ మూడు చోట్లా వాడేది డమాస్క్ గులాబీ. అది బాగా పూయాలంటే చలి కావాలి. మన వేడి నేలలో ఎడ్వర్డ్ గులాబీ వేస్తారు. మన నాటు గులాబీ అదేనని టీచరు గారు అన్నారు.

అన్నీ వాతావరణం వల్లేనా?

కాదు. జాతి కూడా ముఖ్యం. బెంగళూరు, హోసూరు దగ్గర ప్లాస్టిక్ షెడ్లలో పెంచే గులాబీలకు పొడవు కాడ, మంచి రంగు ఉంటాయి. చాలా రోజులు నిలుస్తాయి. ఆ గుణాలు చూసి ఎంచుకుంటూ పోతే చాలా రకాల్లో వాసన తగ్గింది. 2015లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు, వాసన ఉన్న పాపా మెయ్యాన్, వాసన లేని రూజ్ మెయ్యాన్ అనే రెండు గులాబీలను పోల్చి చూశారు. వాసన తయారుచేసే ఒక ఎంజైము మొదటిదాంట్లో బాగా పనిచేస్తోంది, రెండోదాంట్లో దాదాపు లేదు. అలాంటి మొక్కను పాడేరు తీసుకుపోయినా ఎక్కువ వాసన రాదు. మన ఎర్ర గులాబీ కూడా అలాంటిదేమో అనుకుంటున్నాను. కానీ దాన్ని పీకను. దాని రంగు దానికి ఉంది.

గుర్తుంచుకోవలసినవి

1. వాసన ముందు జాతిని బట్టి, తరువాత వాతావరణాన్ని బట్టి, ఆ తరువాత వేళను బట్టి ఉంటుంది.
2. గులాబీని పొద్దున చూడాలి. మల్లెను సాయంత్రం చూడాలి.
3. ఒక్కసారి చూసి ఏదీ తేల్చకూడదు.

ప్రశ్నలు: తాయిఫ్ ఎడారి దేశంలో ఉన్నా గులాబీలు ఎందుకు పూస్తాయి? వాన పడిన మరునాడు గులాబీ వాసన ఎలా ఉంటుంది? (రెండోదానికి జవాబు నాకు తెలీదు. వానాకాలంలో మీరూ నాతో కలిసి చూడండి.)

ఈ సంగతి మా అమ్మకు చదివి వినిపించాను. "ఇది తెలవడానికి ఇంత కాయితం కావాల్నా?" అన్నది. కానీ పటంలో బల్గేరియా ఎక్కడుందో రెండుసార్లు చూపించమన్నది.

మిగిలిన మొక్కనుంచి పెన్సిలంత లావు కొమ్మ కోసి, పీకిన చోటే నాటాను. మూడు చిగుళ్ళు వచ్చాయి. దయచేసి మధ్యాహ్నం పూట దాని పువ్వు వాసన చూసి ఎవరూ పీకవద్దు.

— 9వ తరగతి విద్యార్థిని