టైటానియం సైకిలుకు ఆర్డరు పెట్టే ముందు

టైటానియం అనగానే మనకు విమానాలు, రాకెట్లు, ఆపరేషనులో అమర్చే కృత్రిమ కీళ్ళు గుర్తుకు వస్తాయి. ఆ లోహంతో సైకిలు ఫ్రేములు కూడా చేస్తారు. అమెరికాలో టెలిడైన్ కంపెనీ 1970లలోనే అలాంటి సైకిలు అమ్మింది. 1980ల రెండవ సగంలో మొదలైన మెర్లిన్, లైట్‌స్పీడ్ సంస్థలు ఈ పనిలో పేరు తెచ్చుకున్నాయి. మనిషి కొలతలు తీసుకుని ఒక్కొక్క ఫ్రేమూ విడిగా చేసి ఇచ్చే పనివాళ్ళు నేడు పలు దేశాల్లో ఉన్నారు.

మదనపల్లెలో ఉండే మా మేనమామకు 56 ఏళ్ళు. ఆదివారాలు సైకిలు మీద హార్స్లీ హిల్స్ ఎక్కడం ఆయన అలవాటు. మనిషికి కాళ్ళు పొడుగు, నడుము పైభాగం పొట్టి. అంగడిలో దొరికే ఫ్రేము ఏదీ కుదరక మెడ, మోకాలు పట్టేస్తున్నాయి. దాచుకున్న డబ్బుతో టైటానియం ఫ్రేము చేయించుకోవాలని ఆయన కోరిక. "ఏమల్లుడా, ఫిజిక్సు చదువుతాండావు కదా, ఇంత దుడ్డు పెట్టొచ్చునా లేదా లెక్కేసి చెప్పు" అన్నాడు. ఆ లెక్కనే ఇక్కడ మిత్రులకు మనవి చేస్తున్నాను.

బరువు సంగతి

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్లు, హార్స్లీ హిల్స్ సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అనగా నికరంగా ఎక్కేది 565 మీటర్లు. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలనుకుంటే, భూమ్యాకర్షణకు ఎదురుగా చేయవలసిన పని సుమారు 4 లక్షల 43 వేల జౌళ్ళు. ఫ్రేము అర కిలో తగ్గితే మిగిలేది 2,770 జౌళ్ళు మాత్రమే. నూటికి ఒక పాలైనా లేదు! కనుక తేలిక కోసమే టైటానియం కొనేవాడు మోసపోయినట్లే.

గొట్టం లావు

ఘన సెంటీమీటరు స్టీలు 7.85 గ్రాములు, టైటానియం 4.5 గ్రాములు. కానీ వంగకుండా నిలిచే గుణంలో టైటానియం స్టీలులో సగమే. మరి ఫ్రేము ఊగిపోదా? గొట్టం మందం మార్చకుండా వ్యాసం పెంచితే బిగువు దాదాపు వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 28.6 మిల్లీమీటర్ల స్టీలు గొట్టానికి బదులు సుమారు 36 మిల్లీమీటర్ల టైటానియం గొట్టం వేస్తే బిగువు సమానమవుతుంది. బరువు అప్పటికీ నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. సాధారణంగా వాడే మిశ్రమలోహంలో నూటికి 3 పాళ్ళు అల్యూమినియం, 2.5 పాళ్ళు వెనేడియం ఉంటాయి. ఇది మొదట విమానాల హైడ్రాలిక్ గొట్టాలకు వాడిన లోహం.

అతుకు

అసలు కిటుకు వెల్డింగులో ఉంది. కాగిన టైటానియం గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను పీల్చుకుని పెళుసు బారుతుంది. అందుచేత గొట్టం బయటా, లోపలా కూడా ఆర్గాన్ వాయువు నింపి అతకాలి. అతుకు వెండి రంగులోనో లేత గడ్డి రంగులోనో ఉంటే మంచిది. నీలం తిరిగితే అనుమానించాలి. తెల్లని పొడి కనిపిస్తే ఆ ఫ్రేము వద్దే వద్దు. పైరంగును బ్రష్షుతో రుద్ది పోగొట్టవచ్చు. కాబట్టి గొట్టం లోపల ఆర్గాన్ ఎలా నింపుతారో పనివాణ్ణి ముందే అడగాలి. మన ఊరి గ్యాసు వెల్డింగు షాపులో దీన్ని మళ్ళీ అతికించడం కుదరదు.

కొలతలు, ఉత్తరం

గోడకు ఆనుకుని, చెప్పులు లేకుండా నిలబడి, కాళ్ళ మధ్య గట్టి అట్ట పుస్తకం పైకి ఆనించి నేల దాకా కొలవాలి. దీన్ని 0.883తో గుణిస్తే సీటు ఎత్తు ఉజ్జాయింపుగా వస్తుంది. మామకు 84 సెంటీమీటర్లు. అంటే సీటు సుమారు 74. ఇక మొండెం, చేతుల పొడవు, భుజాల వెడల్పు కొలవాలి. మెడ నొప్పి, మోకాలి నొప్పి ఉంటే దాచకుండా రాయాలి.

ఉత్తరంలో ఇంకా రాయవలసినవి: టైరు ఎంత వెడల్పు? డిస్కు బ్రేకులా, కావా? క్యారియరుకు, సీసాలకు రంధ్రాలు ఎక్కడ? ఘాటు ఎక్కడానికి చిన్న గేరు ఎంత? పెడల్ ఇరుసు మరలతో బిగించే రకమే కావాలని రాశాం; పుంగనూరులోనో కుప్పంలోనో బండి చెడితే అక్కడి మెకానిక్కు విప్పగలగాలి గదా! అడ్వాన్సు ఎంత, దిగుమతి సుంకం ఎవరు కట్టాలి అన్నవి కూడా కాగితం మీద ఉండాలి.

తరువాత పనివాడు కొలతల బొమ్మ గీసి పంపుతాడు. దానికి సరే అన్నాక మార్పు లేదు. మామ ఆ బొమ్మను రెండుసార్లు తిప్పి పంపించాడు. "తేలిక బండి కాదప్పా, సరిపోయే బండి కావల్ల" అన్నది ఆయన మాట.

తేల్చింది

కొలత కుదరడమే ముఖ్యమైతే స్టీలుతోనూ చేయించుకోవచ్చు, ఖర్చు బాగా తగ్గుతుంది. ఈ మాట మామకు దాచకుండా చెప్పాను. టైటానియం తుప్పు పట్టదు, పెయింటు అడగదు, జీవితకాలం నిలుస్తుంది. అయితే కొలత తప్పితే ఆ తప్పు కూడా జీవితకాలం నిలుస్తుంది. అన్నీ విని, స్టీలు సంగతి తెలిసే ఆయన టైటానియానికి ఒప్పుకున్నాడు.

మన భీమునిపట్నం తీరపు ఇసుకలో టైటానియం ఖనిజం ఇల్మనైటు ఉంది. 1973లో ఏర్పడిన హైదరాబాదు మిధానిలో టైటానియం మిశ్రమలోహాలు తయారవుతున్నాయి. ఇసుకా ఉంది, లోహమూ ఉంది. ఆర్గాన్ అతుకు నేర్చిన చేతులు, మనిషిని కొలిచే ఓపిక తోడైతే మన వర్క్‌షాపుల్లోనూ ఈ పని సాగదా? పాలిటెక్నిక్, ఇంజనీరింగు సోదర సోదరీమణులు ఆలోచించాలని ప్రార్థన.